తుండు కరిచే ఇంటి మగవాళ్లు

గోవిందయ్యను మా ఆసుపత్రికి తెచ్చినప్పుడు అతని పళ్ల మధ్య తుండుగుడ్డ ఉంది. ప్రాణం అప్పటికే పోయింది. తెచ్చినవాళ్లలో ఒకతను ఆ తుండును లాగేయాలని చూస్తున్నాడు. దవడలు బిగుసుకుపోయి అది రావడం లేదు. "మూర్ఛలేమైనా వచ్చేవా?" అని అడిగాను. రాలేదన్నారు. వల బాగుచేసుకుంటూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయాడనీ, చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టు తడిసిపోయిందనీ, పిలిస్తే పలకలేదనీ చెప్పారు. పలకలేదన్న మాట దగ్గర వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

నేను ముత్తుకూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది బుచ్చిరెడ్డిపాలెం, బతికిందంతా ఈ ఉప్పుగాలిలో. ఈ మధ్య కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు వచ్చి, మీ అనుభవాలు రాయండి మేడమ్ అంటున్నారు. ప్రమోషన్లు, బదిలీలు, శాలువాలు రాస్తే మీకూ విసుగే, నాకూ విసుగే. ఒక ఇంటి సంగతి రాస్తాను. పేర్లు మార్చాను, ఊరి పేరు రాయను. మంచి కొలెస్ట్రాల్ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఇంట్లో ఉంది. నాకు ఇప్పటికీ అంతుపట్టనిది కూడా అక్కడే ఉంది.

పెద్దాయన ప్రశ్న

నేను చేరినప్పుడు మా ఆసుపత్రిని నడిపే డాక్టరును అందరం పెద్దాయన అనేవాళ్లం. మహా కోపిష్టి. ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుని కూడా ఎవరి బీపీ గురించో గొణుగుతూ ఉండేవారు. రోగి వచ్చి కూర్చుంటే ఏం బాధ అని అడిగేవారు కాదు. "మీ నాయన ఎట్ట పోయినాడు?" అని అడిగేవారు. అడిగి, పెన్ను కింద పెట్టి, ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది. బయట అంతమంది క్యూలో ఉంటే ఈయన ఎవరి తండ్రి చావు గురించో వింటున్నాడే అనుకునేదాన్ని. తర్వాత తర్వాత నేనూ అదే ప్రశ్నతో మొదలుపెట్టడం నేర్చుకున్నాను.

ఆయన చెప్పిన ఇంకో మాట మీరు రాసి పెట్టుకోండి. "చచ్చిపోతానేమో అనిపిస్తా ఉందని రోగి అంటే నవ్వొద్దమ్మా. గ్యాసు మాత్ర ఇచ్చి పంపొద్దు. ముందు ఈసీజీ తియ్యి. గుండెకు మన కంటే ముందే తెలిసిపోద్ది."

ఇది పాతకాలపు డాక్టరు చాదస్తం కాదు. గుండెపోటు లక్షణాల్లో ఆ భయం కూడా ఒకటని పుస్తకాల్లోనే ఉంటుంది. పుస్తకంలో లేనిది ఒకటి చెబుతాను. ఆ భయం పట్టిన మనిషి మన మొహం చూడడు. మన భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తాడు. ఎన్నేళ్లు చేసినా, ఎవరైనా అలా చూసినప్పుడల్లా నేనూ ఒకసారి వెనక్కి తిరిగేదాన్ని.

బొజ్జ లేని మనిషి

గోవిందయ్య పోయిన కొన్ని నెలలకు అతని తమ్ముడు పోలయ్య వచ్చాడు. వచ్చాడని మర్యాదకి అంటున్నాను, నిజానికి భార్య మస్తానమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆమె మా ఆసుపత్రి గేటు దగ్గరే చేపలమ్మేది కాబట్టి నాకు బాగా తెలుసు.

"ఈ మడిసిని చూడమ్మా. ఆ ఇంటి మగోళ్లు తల నెరవకముందే పోతారు. తాత పోయినాడు, మామ పోయినాడు, మొన్న బావ. ఇప్పుడు ఈయన వొంతు వచ్చింది," అంది.

పోలయ్య నవ్వాడు. "నాకేమమ్మా, రాయి మాదిరి ఉండా," అన్నాడు.

నిజంగానే రాయిలా ఉన్నాడు. పొట్ట లేదు, కొవ్వన్నది లేదు. సముద్రం మీదికి పోయే రోజుల్లో వేట, పోనప్పుడు కృష్ణపట్నం పోర్టులో కాంట్రాక్టు కూలి. నెయ్యి ముట్టడు. రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది. మా అన్నకూ పోర్టు పనిలోకి తీసుకునే ముందు నార్మలనే చెప్పారని గొప్పగా అన్నాడు. చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు. మొత్తం అంకె చూసి ముద్ర కొట్టేయడం మన వృత్తిలో అందరం చేసే పనే, ఒకరిని అనడానికి లేదు.

పోలయ్య మంచి కొలెస్ట్రాల్ ఇరవై రెండు. మగవాళ్లకు నలభై పైన ఉండాలంటాం. దానికి తోడు ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ.

అది అతనికి ఎలా చెప్పాలో కాసేపు ఆలోచించాను. చేపల మార్కెట్ అయిపోయాక కడిగి ఊడ్చేవాళ్లు ఉంటారు కదా, వాళ్లు రాకపోతే ఏమవుతుందని అడిగాను. కంపు కొట్టుద్దన్నాడు. "నీ రక్తనాళాల్లో ఊడ్చేవాళ్లు తక్కువ. చెత్త కొంచెమే పడినా అక్కడే ఉండిపోతుంది. మొత్తం అంకె చూస్తే అది తెలియదు," అన్నాను. మస్తానమ్మకు వెంటనే అర్థమైంది. అతను మాత్రం, చేపలు తినేవాళ్లకు గుండె జబ్బు రాదంటారే అని వాదనకు దిగాడు.

"చేపలు తినేది ఎవురు?" అని మస్తానమ్మే అడ్డుపడింది. "వంజరం వస్తే బండెక్కించేస్తాం. ఇంట్లో గుండిగెడు అన్నం, దాంట్లోకి పులుసు నీళ్లు. పైన బీడీ."

ఆమె ఒక్క మాటలో నా ప్రిస్క్రిప్షనంతా చెప్పేసింది. తెల్ల అన్నం కుండలకు కుండలు తినడం, పొగ, పైగా వంశం. ఈ మూడూ కలిసిన చోట సన్నటి మనిషిని చూసి ధైర్యపడకండి. ఇంకో తప్పు కూడా చేయకండి. మంచి కొలెస్ట్రాల్ పెంచుతాయని మాత్రలు వచ్చాయి, అంకె పెరిగింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. తక్కువ అంకె ఒక హెచ్చరిక, అంతే. అది చూసి మిగతావి సరిచేయాలి. పొగ మానిపించాలి, అన్నం తగ్గించాలి, చెడ్డ కొలెస్ట్రాల్‌కు మాత్ర వేయాలి, బీపీ, షుగరు చూస్తూ ఉండాలి. అలాగే ఆ అంకె బాగుందని మురిసిపోకూడదు. మా బుచ్చిలో ఒక బియ్యం వ్యాపారి మంచి కొలెస్ట్రాల్ బాగుందని తెలిసిన రోజు నుంచి రోజూ మటన్ తిన్నాడు. ఆయన స్టెంటు ఖర్చు గురించి ఇప్పటికీ నాతోనే పోట్లాడతాడు.

తుండు ఎందుకు

పోలయ్య బీడీ మానేశాడు. మాత్రలు వేసుకున్నాడు. అన్నం దగ్గర మాత్రం గొణిగేవాడు. నాకు మనసులో పీకుతున్నది వేరే. ఆ తుండు.

ఒకసారి వాళ్ల ఊరి వైపు మెడికల్ క్యాంపుకు వెళ్లి, వాళ్ల ఇంట్లో కాఫీ తాగాను. మధ్యాహ్నం వేళ. దూరంగా పోర్టు యంత్రాల రొద, ఆగకుండా, ఎవరో నోరు మూసుకుని మూలుగుతున్నట్టు వస్తూనే ఉంది. గోడ మీద దండలు వేసిన ఫొటోలు మూడు. తాత, తండ్రి, అన్న. ముగ్గురికీ నల్లటి జుట్టు, ఒకటే మొహం. వాటి కింద పోలయ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగో ఫొటోకు చోటు ఉంది. ఆ చోటు వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

"మీ నాయన ఎట్ట పోయినాడు?" అని పెద్దాయనలాగే అడిగి ఊరుకున్నాను.

గ్లాసు కింద పెట్టి చెప్పాడు. ఆ ఇంటి మగవాళ్లకు ఒక పిలుపు వస్తుందట. ముందు రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. చెమట పోస్తుంది. అప్పుడు పోయిన తండ్రి వచ్చి పేరు పెట్టి పిలుస్తాడు, ఒక్కసారి. పలికితే తీసుకుపోతాడు. అందుకని ఆ ఇంట్లో మగబిడ్డ పెద్దవాడు కాగానే తండ్రి నేర్పేది ఒకటే. రొమ్ము బరువెక్కితే తుండు నోట్లో కుక్కుకో, పళ్లతో గట్టిగా కరిచి పట్టుకో, కూర్చున్న చోట కదలకుండా కూర్చో, పిలిచినవాడు పోయేదాకా నోరు తెరవొద్దు.

"పోతాడా?" అన్నాను.

"పోతాడమ్మా. నాకు రెండు మూడు తూర్లు వచ్చి పోయినాడు. తుండు కరవంగానే పోయినాడు."

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. మీకు అర్థమయ్యే ఉంటుంది. రక్తనాళం సన్నబడ్డ మనిషికి పని చేస్తుంటే నొప్పి వస్తుంది, కదలకుండా కూర్చుంటే తగ్గుతుంది. మనం యాంజైనా అంటాం. ఆ తుండు నిజంగానే పనిచేసింది, చాలాసార్లు. అందుకే తాత నుంచి మనవడి దాకా నిలిచింది. నాళం పూర్తిగా మూసుకుపోయిన రోజు కూడా వాళ్లు అలాగే, పక్కన పదిమంది ఉన్నా ఒక్క మాట చెప్పకుండా, బుద్ధిగా కూర్చుని చనిపోయారు.

మూడు పిలుపులు

పోలయ్య, మస్తానమ్మ ఆసుపత్రికి వచ్చినప్పుడు నా గదిలో కూర్చోబెట్టి ఇదంతా విడమరిచి చెప్పాను. నొప్పి వస్తే కేక వెయ్యి, ఈ మాత్ర నమిలి మింగు, ఆటో ఎక్కు అన్నాను. పోలయ్య అన్నిటికీ తలూపాడు. చివర్న, "మా నాయన పిలిస్తే మాత్రం నోరు తెరవనమ్మా," అన్నాడు.

కోప్పడ్డాను. ఎగతాళి చేశాను. నా ప్రభువు సంగతి కూడా ఎత్తాను, పోలయ్య మర్యాదగా విన్నాడు. మూఢనమ్మకమని తీసిపారేసి లాభం లేదని అప్పుడు తెలిసింది. వదిలేస్తే ఈ మనిషి తుండుతో పోతాడు. గోడ మీద ఆ ఖాళీ చోటు నా కళ్లముందు కదిలింది.

"సరే, బతికున్నవాళ్లు పిలిస్తే పలకొచ్చా?"

"పలకొచ్చు. బతికున్నోళ్లని ఎట్ట తెలస్తది? మా నాయన ఏ గొంతుతో అయినా పిలస్తాడు."

"మస్తానమ్మ పిలిస్తే?"

"మామా అని ఎవురైనా అంటారు గదమ్మా."

అప్పుడు తట్టింది. మస్తానమ్మ పుట్టి బుద్ధెరిగి భర్త పేరు పలకలేదు. ఆ ఊళ్లో ఏ ఆడమనిషీ పలకదు. "నీ భార్య నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మూడుసార్లు. మీ నాయన పిలిచేది ఒక్కసారే కదా. అలా పిలుపు వస్తే అది నీ పెళ్లామే. తుండు తీసి పలకాలి," అన్నాను.

పోలయ్య మూడు వేళ్లు మడిచి చూసుకుని, అయితే సరే అన్నాడు. మస్తానమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏదీ, ఇప్పుడొకసారి పిలువు అన్నాను. "ఛీ, పో మా," అని మొహం తిప్పుకుంది. ఎంత బతిమాలినా పలకలేదు. ఈ సంగతి ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేనని, ముగ్గురిలోనే ఉండాలని నా దగ్గర ఒట్టు వేయించుకుంది.

కానాగంతలు కొన్న రోజు

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లబోతూ గేటు దగ్గర మస్తానమ్మ దగ్గర కానాగంతలు కొన్నాను. ఎండ మండిపోతోంది. పొద్దుటి నుంచి అక్కడే కూర్చుని ఉంది, బేరం లేదని విసుక్కుంటోంది. ఆమె చేపలు శుభ్రం చేస్తుండగా ఆటో వచ్చి ఆగింది. అందులో పోలయ్య. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. తుండు చేతిలో ఉంది.

మస్తానమ్మ గంప తన్నేసుకుని లేచింది. నా చేపలు నేలపాలయ్యాయి.

ఈసీజీ చూస్తే సందేహమే లేదు, పెద్ద గుండెపోటు. సమయానికి వచ్చాడు. గడ్డ కరిగే ఇంజెక్షను ఎక్కిస్తున్నాను. అతను నా మొహం చూడటం లేదు, భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు. నేను వెనక్కి తిరగలేదు. చెయ్యి ఆపకూడదు కాబట్టి తిరగలేదు, ధైర్యం ఉండి కాదు.

"పిల్చిందమ్మా," అన్నాడు.

"ఎవరు?"

"అదే, మస్తాను. నువ్వు చెప్పినట్టే. పేరు పెట్టి, మూడు తూర్లు. ముందు నాయన పిల్చినాడు, తుండు కరుచుకున్నా. తర్వాత అది పిల్చింది. తుండు తీసి, ఆ వస్తా ఉండా అని అరిసినా."

ఆ అరుపు విని వలల దగ్గరున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కించారట. బాగా చేశావన్నాను. మస్తానమ్మ తలుపు బయట నిలబడి ఉంది. ఆమె చేతులకు ఇంకా నా కానాగంతల పొలుసులు ఉన్నాయి.

అంబులెన్సులో నెల్లూరు పంపాం. స్టెంటు వేశారు. బతికాడు.

ఆ పిలుపుకు నేనొక సమాధానం చెప్పుకున్నాను, ఇప్పటికీ మీకు అదే చెబుతాను. రక్తం సరిగా అందని మెదడుకు గొంతులు వినిపిస్తాయి. తండ్రి గొంతు వినిపించిన మెదడే భార్య గొంతునూ తెచ్చుకుంది. ఆ మెదడులో ఆ పిలుపును పెట్టింది మేమే, నా గదిలో, ముగ్గురం కూర్చుని. వైద్యపరంగా దీన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అవ్వ తిట్లు

పోలయ్యను తిరిగి చెకప్‌కు తెచ్చిన రోజు, అతన్ని బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, మస్తానమ్మ ఒక్కతే లోపలికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మా, ఆ పొద్దు నేను నీ గేటు కాడే ఉన్నా గదా?"

"ఉన్నావు."

"నువ్వు నా కాడ కానాగంతలు కొన్నావు గదా?"

"కొన్నాను. ఎందుకు?"

"మా పక్కింటి అవ్వ నిన్న బజార్లో అందరి ముందర తిట్టిందమ్మా. ఆ పొద్దు ఆమె అరుగు మీద కూర్చోనుందంట. మొగుణ్ని పేరు పెట్టి మూడు తూర్లు అరస్తావా, సిగ్గూ శరం లేదా, నా చెవులతో నేను ఇన్నా అనింది."

  నేను దాచుకున్న సమాధానం ఆ అవ్వ చెవుల దగ్గర పనికిరాకుండా పోయింది. అవ్వకు గుండెపోటు రాలేదు కదా. భయం వేసింది, ఆ మాట దాచను.

"నువ్వేమన్నావు?"

"నేనే పిల్చినా అవ్వా, తప్పయిపోయింది అన్నా. ఇంకేం అంటానమ్మా?" ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నేను ఈ పొద్దు వరకూ ఆయన పేరు పలకనే లేదు. ఇంక పలకొచ్చా, పలక్కూడదా? నువ్వే చెప్పు."

 నాకు తెలిసింది ఒకటే. మళ్లీ నొప్పి వస్తే ఆ మనిషి నోరు తెరవాలి. "పలుకు," అన్నాను. "రోజూ పలుకు. నీ గొంతు అతనికి అలవాటు కావాలి. ఇప్పుడే మొదలుపెట్టు."

ఇద్దరం గుమ్మం దాకా వచ్చాం. పోలయ్య అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. చెవుల పైన జుట్టు కొద్దిగా నెరిసింది. అది చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

"పోలయ్యా," అంది మస్తానమ్మ. గుమ్మానికి ఆనుకుని, మెల్లగా.

అతను తలెత్తాడు. మా వైపు కాదు, గేటు అవతల రోడ్డు వైపు చూశాడు. ఆమె రెండోసారి పిలిచింది. అతని చెయ్యి భుజం మీద తుండు మీదికి పోయింది. మూడోసారి పిలిచినప్పుడు ఆ చెయ్యి దించి, మా వైపు తిరిగి నవ్వాడు.

"నువ్వా? ఆ పొద్దు ఇట్ట పిలవలేదే," అన్నాడు.

మస్తానమ్మ నా వైపు చూడలేదు. మెట్లు దిగి అతని దగ్గరికి వెళ్లి, తుండు తీసి తన భుజం మీద వేసుకుంది.

"ఆ పొద్దు బయపడి అరిసినా గదా మామా," అంది. "లెయ్, డాక్టరమ్మ పిలస్తా ఉండాది."